కూలీ ఇంటి ర్యాంకరు వెనక ఎవరున్నారు?

ఏటా వేసవిలో పది, ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా ఉంటుంది. రేకుల ఇల్లు, గుమ్మంలో అమ్మానాన్నల మధ్య నిలబడ్డ అమ్మాయి, ఆమె నోట్లో మిఠాయి పెడుతున్న హెడ్మాస్టరు. శీర్షిక కూడా ఇంచుమించు ఒకటే: పేదరికాన్ని జయించిన చదువుల తల్లి. విజయ రహస్యం ఒక్క ముక్కలో తేల్చేస్తారు, పట్టుదల అని.

వార్తలో అబద్ధం లేదు. లెక్కే సగం. అదే వీధిలో, అలాంటి రేకుల ఇంట్లోనే ఉంటూ తొమ్మిదిలో బడి మానేసిన పిల్ల ఫొటో ఏ పేపర్లోనూ రాదు. ఆమెకు పట్టుదల లేదని ఎవరు చెప్పారు? ఒకే రకం కష్టంలో పెరిగినవాళ్లలో కొందరు నిలదొక్కుకుంటారు, కొందరు జారిపోతారు. ఎందుకని గెలిచినవాళ్లను మాత్రమే అడిగితే జవాబు దొరకదు. ఒక చోట పుట్టిన పిల్లలందరి వివరాలూ, వాళ్లు ఏమవుతారో ఎవరికీ తెలియక ముందే రాసుకుని, ఏళ్ల తరబడి వెంట నడవాలి. ఓపిక, డబ్బు రెండూ కావాల్సిన పని ఇది. అందుకే ప్రపంచంలో ఇలాంటి అధ్యయనాలు తక్కువ. వాటిలో ఒకటి మన దగ్గరే జరిగింది. దాని సంగతికి వచ్చేముందు ఒక దీవికి వెళ్లాలి.

కవాయ్‌లో పుట్టిన 698 మంది

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో కవాయ్ ఒకటి. ఇవాళ విహారయాత్రల చోటు గానీ, 1955 నాటికి అది చెరకు తోటలు, అనాస తోటలు, వాటిలో ఒళ్లు వంచే కూలీల దీవి. జపాన్ నుంచీ ఫిలిప్పీన్స్ నుంచీ తోటపనికి వచ్చి స్థిరపడ్డవాళ్ల పిల్లలు, స్థానిక హవాయియన్ల పిల్లలు కలిసి పెరిగేవారు. ఆ ఏడాది అక్కడ పుట్టిన 698 మంది శిశువుల వివరాలను పరిశోధకులు నమోదు చేశారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ ఈ పిల్లల్ని ఒకటి, రెండు, పది, పద్దెనిమిది, ముప్ఫై రెండు, నలభై ఏళ్ల వయసుల్లో మళ్లీ మళ్లీ పరిశీలించారు.

మొదట ముప్పుల పట్టిక తయారైంది. పేదరికం, కాన్పు కష్టం కావడం, తల్లికి ఎనిమిదో తరగతి చదువైనా లేకపోవడం, ఇంట్లో నిత్యం గొడవలు, తల్లిదండ్రులు విడిపోవడం, తాగుడు, మానసిక వ్యాధి. రెండేళ్లు నిండేలోపే వీటిలో నాలుగూ, అంతకు మించీ మీద పడ్డ పిల్లలు సుమారు 200 మంది తేలారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది పదేళ్లకో పద్దెనిమిదికో చదువులో వెనకబడడం, పోలీసు కేసులు, చిన్నవయసులో గర్భం, మానసిక సమస్యలు వంటి ఏదో ఒక చిక్కులో పడ్డారు. ఇక్కడిదాకా ఎవరైనా ఊహించేదే.

మిగిలిన 72 మందే వెర్నర్‌ని నిద్రపోనివ్వలేదు. అవే కష్టాలు మోస్తూ వాళ్లు శుభ్రంగా చదువుకున్నారు, స్నేహాలు చేశారు, పద్దెనిమిదికి తమ కాళ్ల మీద తాము నిలబడ్డారు. నలభయ్యో ఏట చూస్తే వారిలో నిరుద్యోగి లేడు, పోలీసు కేసున్నవారు లేరు, ప్రభుత్వ భృతి మీద బతికేవారూ లేరు.

వాళ్లేమీ మేధావులు కారు. తెలివి మామూలుదే, ఉన్నదాన్ని బాగా వాడుకున్నారు. పసితనంలో నలుగురినీ దగ్గరికి రానిచ్చే, నవ్వే స్వభావం కొంత కలిసొచ్చింది. దాన్ని మించి, వెర్నర్ కాగితాల్లో పదే పదే కనబడింది ఒక మనిషి ఉనికి. తల్లిదండ్రులు తాగుడులోనో జబ్బులోనో మునిగిపోయిన ఇంట్లో కూడా ఆ పిల్లలకి అమ్మమ్మో, తాతో, పిన్నో, పెద్దక్కో అండగా ఉన్నారు. ఇంటి బయట ఒక టీచరు, పొరుగింటావిడ, చర్చిలో యువజన సంఘం నడిపే పెద్దమనిషి ఉన్నారు. నలుగురితో కలిసి చేసే అభిరుచి ఏదో ఒకటి ఉంది. ఇంట్లో వాళ్లు చేయక తప్పని పని కూడా ఒకటి ఉంది: తమ్ముణ్ణి చూసుకోవడం, వంటకి సాయపడడం. నన్ను నమ్ముకుని ఒకరున్నారన్న ఎరుక పిల్లలకి బలాన్నిస్తుందని వెర్నర్ రాశారు.

ఇక్కడొక జాగ్రత్త. ఈ మాట పట్టుకుని ఎవరైనా పిల్లల్ని పనిలో పెట్టడాన్ని సమర్థించబోతే అది వక్రీకరణే. బడి నుంచి వచ్చి చెల్లికి అన్నం కలిపి పెట్టడం వేరు, చెల్లిని చూసుకోవడం కోసం బడి మానడం వేరు. మొదటిది రక్షణ, రెండోది ముప్పు. ఈ తేడాని మన దగ్గర శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో 1990ల నుంచీ నొక్కి చెబుతూనే ఉంది. పనిలోంచి తెచ్చిన పిల్లల్ని బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చేవరకూ వదలకపోవడం వాళ్ల పద్ధతి.

కట్ట ఎప్పుడు తెగుతుంది?

ముప్పులు ఎలా పనిచేస్తాయో చూడాలంటే చెరువు కట్ట మీద నిలబడాలి.

ఒక వాగు పొంగి చెరువులోకి వస్తే కట్టకి ఏమీ కాదు. రెండు వాగులు ఒకే రాత్రి పొంగితే ఊళ్లో పెద్దలు లాంతర్లు పట్టుకుని కట్ట మీదికి వస్తారు. నాలుగు పొంగితే కట్ట తెగుతుంది. బ్రిటిష్ వైద్యుడు మైకేల్ రటర్ 1970లలో పిల్లల మానసిక సమస్యల మీద చేసిన పనిలో ఇలాంటి లెక్కే తేలింది. తల్లిదండ్రుల మధ్య తీవ్రమైన గొడవలు, ఇరుకిల్లు, తండ్రి నేరచరిత్ర, తల్లి మానసిక వ్యాధి వంటి ఆరు ముప్పులు తీసుకున్నాడాయన. ఒక్క ముప్పు మాత్రమే ఉన్న పిల్లలకి, ఏ ముప్పూ లేని పిల్లలకి పెద్ద తేడా లేదు. ఇద్దరిలోనూ సమస్యలు 2 శాతం దగ్గరే ఉన్నాయి. నాలుగూ ఆపైన ఉన్నవారిలో అది 20 శాతానికి చేరింది. కాబట్టి పేదరికం ఉందా లేదా అని అడిగితే సరిపోదు, దానికి తోడు ఇంకెన్ని వచ్చి పడ్డాయన్నది చూడాలి. ఈ లెక్కలో ఆశ కూడా ఉంది. నాలుగింటినీ తీసేయనక్కర్లేదు, ఒకదాన్ని ఆపగలిగినా మట్టం తగ్గుతుంది.

మన చెరువులు విడివిడిగా ఉండవు. కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టుగా కట్టారు, పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీదికే. ముప్పులదీ అదే వరస. వాన పడదు, అప్పవుతుంది, అప్పు తీర్చడానికి నాన్న వలస పోతాడు, ఇంట్లో పెద్దపిల్ల బడి మానేస్తుంది, బడి మానిన పిల్లను ఎన్నాళ్లని ఇంట్లో ఉంచుకుంటామని పెళ్లి చేస్తారు, పద్దెనిమిది నిండకుండానే కాన్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది లోపే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. వీరిలో చాలామంది వెనక ఎక్కడో ఒక పై చెరువు తెగి ఉంటుంది. వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం పెట్టిన సీజనల్ హాస్టళ్లు, బడి మానిన బాలికల కోసం వచ్చిన కస్తూర్బా విద్యాలయాలు ఈ గొలుసును మధ్యలో తెంపడానికే పుట్టాయి.

ఇక అలుగు. చెరువు నిండితే మిగులు నీరు సాఫీగా పోవడానికి కట్టకి ఒక పక్క కట్టిన రాతి దారి అది. నీటిమట్టం పెరిగిన రోజున దాని మీదుగా నీరు పారి కట్టను కాపాడుతుంది. మిగతా రోజుల్లో పొడిగా పడి ఉంటుంది. నాలుగేళ్లు వరసగా వానలు లేకపోతే, ఇదెందుకు దండగ అని రాళ్లు పీక్కుపోయేవారూ ఉంటారు. పిల్లల జీవితంలో రక్షణలకీ ఇదే గతి. కష్టం లేని రోజుల్లో వాటి పని కనబడదు. సగటు లెక్క తీసేవారికీ కనబడదు.

మధ్యాహ్న భోజనం చెప్పిన సాక్ష్యం

దీనికి నాకు తెలిసిన గట్టి రుజువు మన ఊళ్ల నుంచే వచ్చింది. 2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం నాలుగు దేశాల్లో మొదలైంది: ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా. ఇండియాలో ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను. శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్, హైదరాబాద్ వంటి చోట్ల మొత్తం 20 కేంద్రాల్లో సుమారు 3,000 మంది పిల్లల్ని తీసుకున్నారు. 2001-02లో పుట్టినవారు దాదాపు 2,000 మంది, 1994-95లో పుట్టినవారు దాదాపు 1,000 మంది. రాష్ట్రం రెండయినా అధ్యయనం ఆగలేదు.

అదే సమయంలో రెండు సంగతులు కలిశాయి. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఆదేశం మేరకు 2003 నుంచి మన బడుల్లో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ ఏళ్లలోనే చాలా మండలాలు కరువు చూశాయి. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ఆర్థికవేత్తలు యంగ్ లైవ్స్ పిల్లల ఎత్తు, బరువు లెక్కలు తీసి ఒక ప్రశ్న అడిగారు: పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లవాడికి బడి అన్నం ఏం చేసింది?

కరువు చూసిన కుటుంబాల పిల్లలు వయసుకు తగ్గ ఎత్తూ బరువూ లేక వెనకబడ్డారు. వారిలో బడి భోజనం తిన్నవారు ఆ నష్టాన్ని పూడ్చుకున్నారు. భోజనం వల్ల కలిగిన మేలు ముఖ్యంగా కనిపించింది ఈ కరువు ఇళ్ల పిల్లల్లోనే. ముప్పు ఉన్నచోట పనిచేసి, దాని దెబ్బ తగ్గించేదాన్నే శాస్త్రవేత్తలు రక్షక అంశం అంటారు. బడి పళ్లెంలో అన్నం, పప్పు సరిగ్గా ఆ పనే చేశాయి. పిల్లలు ఏదో తినిపోవడానికి బడికొస్తున్నారని వెక్కిరించిన పెద్దమనుషులు ఈ కాగితం ఒకసారి చదివితే బాగుండును.

యంగ్ లైవ్స్‌లోనే 1994-95లో పుట్టిన అమ్మాయిలను గమనిస్తే, చిన్నవయసు పెళ్లిళ్లు ఎక్కువగా బడి ముందే మానినవారిలో కనిపించాయి. పదిహేనేళ్ల దాకా తరగతి గదిలో ఉండడమే ఆ పిల్లకి ఒక అలుగు.

బాక్స్: భయం వేరు, కార్టిసాల్ వేరు

అండగా ఉన్న మనిషి పిల్లల ఒంట్లో ఏం మారుస్తారో ఇప్పుడు చూద్దాం. ప్రమాదం ఎదురైతే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతాయి. అడ్రినల్ నుంచి కార్టిసాల్ రక్తంలోకి వస్తుంది. చక్కెరను విడుదల చేయించి, ఒంటిని పరుగుకో పోరుకో సిద్ధం చేస్తుంది. పని కాగానే మెదడే దాన్ని ఆపేయాలి. కష్టం తెరపి ఇవ్వకుండా సాగితే ఆ ఆపే ఏర్పాటు దెబ్బతింటుంది. నిద్ర, జ్ఞాపకశక్తి, వ్యాధినిరోధకత అన్నీ దాని ఫలితం చవిచూస్తాయి.

అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త మేగన్ గన్నర్ బృందం 1990లలో ఏడాదిన్నర వయసు పిల్లల్ని ఒక గదిలోకి తెచ్చి విదూషకుణ్ణి, కదిలే రోబో బొమ్మను చూపించింది. స్వతహాగా బెరుకు పిల్లలు దూరంగానే నిలబడ్డారు. వారిలో తల్లితో గట్టి అనుబంధం ఉన్నవారి లాలాజలంలో కార్టిసాల్ పెరగలేదు. అనుబంధం బలహీనంగా ఉన్న బెరుకు పిల్లల్లో మాత్రం పెరిగింది. మొదటివాళ్లూ భయపడ్డారు. ఆ భయం ఒంటిలోపలికి దిగలేదు, అంతే.

పదిహేనేళ్లకి అమ్మ చాలదు

అయితే తల్లి అండ ఇచ్చే ఈ రక్షణ కలకాలం ఉండదు. గన్నర్ బృందమే తర్వాత ఇంకో పరీక్ష చేసింది. కొత్తవాళ్ల ముందు నిలబడి ప్రసంగించాలి. సిద్ధం కావడానికి కొద్ది నిమిషాలు, ఆ కాసేపు పక్కన అమ్మో నాన్నో ఉంటారు. తొమ్మిది పదేళ్ల పిల్లలకి అది సరిపోయింది, కార్టిసాల్ పెరగలేదు. పదిహేను పదహారేళ్లవారిలో తల్లి ఉన్నా లేనట్టే పెరిగింది.

మా వాడికి ఏమైందో, ఇదివరకు ఒళ్లో తల పెట్టుకుంటే చాలు ఏడుపు ఆపేవాడని బాధపడే తల్లులకి ఈ సంగతి తెలియాలి. వాడు మారిపోలేదు, మీ పెంపకమూ చెడలేదు. కౌమారంలో మెదడు ఇంటి బయట కొత్త అండల కోసం వెతికేలా మారుతుంది. ఆ వయసులో ప్రశంస, సాహసం, తోటివాళ్ల మెప్పు ఇచ్చే కిక్కు పెరుగుతుంది. ఆగి ఆలోచించే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవైల మధ్యదాకా పడుతుంది. కాబట్టి ఇంట్లో ఒక్క మనిషి చాలని పసితనం గురించి చెప్పిన మాట ఇప్పుడు చాలదు. బయట ఒక పెద్దవారు, నాలుగు మంచి స్నేహాలు, ఒక ఆటస్థలం కావాలి.

ఇక్కడే మన మధ్యతరగతి ఇళ్ల సంగతి చెప్పాలి. పదో తరగతి అయిన వారానికే పిల్లవాణ్ణి పెట్టె సర్ది దూరపు రెసిడెన్షియల్ కాలేజీలో దింపుతాం. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి దాకా క్లాసులు, వారాంతం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్లు. నానమ్మ లేదు, పాత స్నేహితులు లేరు, క్రికెట్ లేదు, ఇంటిపని లేదు, పేరు పెట్టి పిలిచే టీచరు ఉంటే అదృష్టం. కవాయ్ పట్టికలో 72 మందిని నిలబెట్టినవన్నీ ఒక్కొక్కటిగా డబ్బు కట్టి మరీ తీసేస్తున్నాం. ఒత్తిడి పెంచి అలుగు పూడ్చేస్తే ఏమవుతుందో ఇంజినీరు కావాలనుకునే పిల్లలకి వేరే చెప్పాలా?

డబ్బున్న ఇల్లంటేనే రక్షణ ఉన్న ఇల్లు కాదని మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త సునియా లూథర్ 1990ల చివరే చూపించారు. సంపన్న శివారు పట్టణాల హైస్కూలు పిల్లల్ని, నగరాల్లోని పేదవాడల పిల్లల్ని పోల్చితే, మత్తు పదార్థాల వాడకం సంపన్నుల పిల్లల్లోనే ఎక్కువగా బయటపడింది. ఎడతెగని పోటీ, పెద్దవాళ్లతో దూరం దానికి కారణాలని ఆమె తేల్చారు.

నలందా బడుల్లో గోడపత్రిక

రక్షణలను కావాలని అమర్చవచ్చా? బిహార్‌లోని నలందా జిల్లాలో ఈ ప్రశ్నకు పరీక్ష పెట్టారు. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ తదితరుల 'సెహర్' ప్రయోగంలో 74 ప్రభుత్వ హైస్కూళ్లను చీటీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులో ఒక్కో బడికీ శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌ను పెట్టారు. డాక్టరో సైకాలజీ పట్టా ఉన్నవారో కారు, మామూలు మనుషులే. రెండో గుంపులో అదే పని అక్కడి టీచరుకే అప్పగించారు. మూడో గుంపులో ప్రభుత్వం మామూలుగా నడిపే జీవన నైపుణ్యాల పాఠాలు మాత్రమే సాగాయి.

చేసిన పనుల్లో పెద్ద విద్యలేమీ లేవు. మనసులో మాట రాసి వేసే పెట్టె, పిల్లలే నడిపే గోడపత్రిక, ప్రార్థన సమయంలో కాసేపు మాటలు, పిల్లల బృందాలు, అవసరమైనవారితో విడిగా కూర్చుని మాట్లాడడం. కౌన్సెలర్ ఉన్న బడుల్లో వేధింపులు, కొట్లాటలు, కుంగుబాటు లక్షణాలు గణనీయంగా తగ్గాయి. బడి మా బడి అన్న భావన పెరిగింది. టీచరుకు అప్పగించిన బడుల్లో మార్పు రాలేదు. 2018లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

టీచర్లను తప్పు పట్టేముందు ఆగాలి. పాఠం, సర్వే, ఎన్నికల డ్యూటీ, యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని అన్నీ మోసే మనిషికి ఇంకో పని చేర్చితే అది మొక్కుబడి అవుతుంది. పైగా మార్కులు వేసే మనిషి దగ్గర పిల్లలు మనసు విప్పరు. కవాయ్ పిల్లలకి టీచర్లు అండగా నిలిచింది ఉత్తర్వు మీద కాదు.

నలభై ఏళ్లకి ఇంకో లెక్క

వెర్నర్ తొలి పుస్తకాల్లో ఆ 72 మందే కథానాయకులు. నలభై ఏళ్లకి చూసేసరికి, పద్దెనిమిదిలో చిక్కుల్లో పడ్డవాళ్లలో కూడా ఎక్కువమంది తేరుకున్నారు. మధ్యలో తిరిగి తెరుచుకున్న తలుపులు అందుకు కారణం: పెద్దయ్యాక చేరిన కమ్యూనిటీ కాలేజీ, సైన్యంలో ఉద్యోగం, నిలకడైన జీవిత భాగస్వామి, తమని కలుపుకున్న ఒక మత సమాజం. మానసిక చికిత్సతో బాగుపడ్డవారు కొద్దిమందే. మరోపక్క, ఆ 72 మందిలో కొందరు దగ్గరివారితోనూ కాస్త ఎడంగా ఉన్నారని, ఒత్తిడి జబ్బులు కొందరిని వదల్లేదని వెర్నర్ దాచకుండా రాశారు. కష్టాన్ని దాటినవారికీ దాని ఖర్చు పడింది.

పదిలో తప్పిన పిల్లకి ఓపెన్ స్కూలు, పాలిటెక్నిక్, ఐటీఐ వంటి దారులు తెరిచి ఉంచడం ఎందుకు ముఖ్యమో ఈ లెక్క చెబుతుంది. పదహారేళ్లకి ముగిసిపోయే కథ దాదాపు ఎవరిదీ కాదు.

ఇక బడిలో అండగా ఉండే మనిషి సంగతి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా, కోచింగ్ కేంద్రాలతో సహా, అర్హత గల ఒక కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం కూడదని కూడా చెప్పింది. కాబట్టి ఈసారి ఫీజు కట్టేటప్పుడు కౌంటర్ దగ్గర మీ కాలేజీ కౌన్సెలర్ ఎవరని అడగండి. ఇంటికొచ్చాక అదే ప్రశ్న మీ పిల్లవాణ్ణీ అడగండి, ఆ పేరు వాడికి తెలియకపోతే ఆ కౌన్సెలర్ లేనట్టే లెక్క. ఈలోగా పిల్లలకైనా పెద్దలకైనా మాట్లాడే మనిషి కావాలంటే కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.